యాంటీబాడీల స్థాయి 10 కంటే తగ్గితే హెపటైటిస్-బి టీకా మళ్ళీ మొదటి నుంచి వేయించుకోవాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. పన్నెండేళ్ళ క్రితం, చదువుకునే రోజుల్లో, మీరు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకున్నారు. ఇప్పుడు ఆసుపత్రి ఉద్యోగంలో చేరే ముందు చేసిన రక్తపరీక్షలో ఆ వైరస్‌కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీల స్థాయి మిల్లీలీటరుకు 4 మిల్లీ యూనిట్లే వచ్చింది. కనీసం 10 ఉండాలని రిపోర్టులోనే ముద్రించి ఉంది. టీకా ప్రభావం పూర్తిగా పోయిందా, మూడు డోసులూ మళ్ళీ వేయించుకోవాలా, ధనుర్వాతానికి పదేళ్ళకొకసారి ఇంజెక్షన్ వేయించుకొమ్మనే వైద్యులు దీనికి మాత్రం అలా ఎందుకు చెప్పరు అని అడిగారు.

సూటిగా చెబుతాను. మొదటి మూడు డోసుల తర్వాత మీ శరీరం ఒకసారి సరిగ్గా స్పందించి ఉంటే, ఇప్పుడు స్థాయి 4కు పడిపోయినా మీకు రక్షణ ఉన్నట్టే. మూడు డోసులూ మళ్ళీ మొదలుపెట్టనవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ టీకా బూస్టర్ డోసు అక్కరలేదన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా. అయితే పై వాక్యంలో "ఒకసారి సరిగ్గా స్పందించి ఉంటే" అన్న షరతు చాలా ముఖ్యమైనది. అప్పట్లో, డోసులు పూర్తయిన ఒకటి రెండు నెలలకు, పరీక్ష చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. చేయించుకోకపోతే ఏం చేయాలో చివర్లో వివరంగా రాస్తాను. నేను వైద్య విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తూ, ఆసుపత్రి సిబ్బంది టీకాల రికార్డులు చూసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. మీకు వచ్చిన సందేహం మా దగ్గర ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి వస్తూనే ఉంటుంది.

ఆ 4 అనే అంకె దేన్ని కొలుస్తున్నదో అర్థం కావాలంటే యాంటీబాడీలు ఎలా తయారవుతాయో కొంత తెలియాలి.

మన శరీరం ఇంతవరకు చూడని సూక్ష్మజీవులను కూడా గుర్తుపట్టగల బి కణాలను (యాంటీబాడీలను తయారు చేసే తెల్ల రక్తకణాలను) ముందే తయారు చేసి పెట్టుకుంటుంది. ఒక్కొక్క బి కణం తన ఉపరితలం మీద ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది, అది ఆ కణానికే ప్రత్యేకం. తర్వాత యాంటీబాడీగా విడుదలయ్యేది ఆ గ్రాహకం రూపమే. మనిషిలో జన్యువులు మొత్తం కలిపి సుమారు 20,000 మాత్రమే ఉన్నప్పుడు ఇన్ని కోట్ల రకాల గ్రాహకాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది చాలాకాలం జీవశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న. జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావా 1976లో దీనికి జవాబు చూపించారు. ఎముక మజ్జలో బి కణం రూపుదిద్దుకునేటప్పుడు యాంటీబాడీ జన్యువుల్లోని ముక్కలు కొన్ని తెగి, కొత్త వరుసలో అతుక్కుంటాయి. ఏ ముక్క దేనితో అతుక్కుంటుందన్నది యాదృచ్ఛికం. అతుకు దగ్గర కొన్ని డీఎన్ఏ అక్షరాలు చేరడం, ఊడిపోవడం కూడా జరుగుతుంది కాబట్టి వైవిధ్యం ఇంకా పెరుగుతుంది. ఈ పరిశోధనకు ఆయనకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మీకు టీకా వేయకముందే, హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్‌ను పట్టుకోగల బి కణాలు మీ ఒంట్లో కొన్ని ఉన్నాయి. టీకా వాటిని కొత్తగా సృష్టించదు. ఉన్న కోట్ల కణాల్లోంచి వాటిని ఎంచి, పెంచుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించిన ఈ ఎంపిక సిద్ధాంతం మీదనే నేటి టీకా శాస్త్రమంతా నిలబడి ఉంది.

హెపటైటిస్-బి టీకాలో వైరస్ ఉండదు. ఆ వైరస్ పైపొర ప్రొటీన్‌ను మాత్రమే ఈస్ట్ కణాల్లో తయారు చేయించి, శుద్ధి చేసి, అల్యూమినియం లవణంతో కలిపి ఇస్తారు. ఉత్త ప్రొటీన్‌ను ఇస్తే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పెద్దగా పట్టించుకోకపోవచ్చు. అల్యూమినియం లవణం ఇంజెక్షన్ చేసిన చోట చిన్నపాటి వాపు కలిగించి, ఇక్కడేదో జరుగుతోందన్న సంకేతం పంపుతుంది. భుజం కండరంలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఆ ప్రొటీన్‌ను మింగి చంకలోని లింఫ్ గ్రంథులకు చేరుకుంటాయి. టీకా తర్వాత కొందరికి చంకలో బిళ్ళ కడుతుంది. అసలు పని జరిగేది అక్కడే కాబట్టి అది భయపడవలసిన విషయం కాదు.

ఆ గ్రంథిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. సరిపడే గ్రాహకం ఉన్న బి కణం ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి లాక్కుంటుంది, దాన్ని చిన్న ముక్కలు చేసి తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. అదే ప్రొటీన్ గురించి డెండ్రైటిక్ కణాల ద్వారా ముందే తెలుసుకున్న సహాయక టి కణం వచ్చి ఆ ముక్కను గుర్తుపడితే, బి కణానికి విభజన చెందేందుకు అనుమతి దొరుకుతుంది. ఒక బి కణం తనంతట తాను విజృంభించకుండా ఇది ఒక అడ్డుకట్ట. విభజన మొదలైన బి కణాల్లో కొన్ని వెంటనే ప్లాస్మా కణాలుగా మారి మొదటి విడత యాంటీబాడీలను విడుదల చేస్తాయి. ఇవి ఎక్కువగా ఐజీఎం రకానివి. విడివిడిగా చూస్తే వాటి పట్టు అంత గట్టిది కాదు, కానీ ఐదేసి కలిసి ఒకే అణువుగా పనిచేస్తాయి కాబట్టి ఆ లోటు కొంత తీరుతుంది.

మిగిలిన బి కణాలు అక్కడే జెర్మినల్ సెంటర్ అనే గుంపుగా ఏర్పడతాయి. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ ఘట్టమే. అక్కడ బి కణాలు వేగంగా విభజన చెందుతూ, తమ యాంటీబాడీ జన్యువులో తామే మార్పులు చేసుకుంటాయి. జన్యువుల్లో మార్పులు రాకుండా శరీరమంతా జాగ్రత్తపడుతుంటే, ఈ ఒక్క చోట ఒక ఎంజైమ్ పనిగట్టుకుని మార్పులు తెస్తుంది. జపాన్ శాస్త్రవేత్త తసుకు హొంజో ప్రయోగశాల 1999లో ఆ ఎంజైమ్‌ను కనుగొన్నది. మార్పు చెందిన ప్రతి కణమూ అక్కడే నిల్వ ఉన్న టీకా ప్రొటీన్‌ను మళ్ళీ పట్టుకుని చూపించాలి. గట్టిగా పట్టుకున్నవాటికి టి కణాల తోడ్పాటు దక్కి మరోసారి విభజన చెందుతాయి, పట్టు సడలినవి చనిపోతాయి. ఈ వడపోత వారాలు, ఒక్కోసారి నెలల పాటు సాగుతుంది. చివరకు మిగిలే కణాల యాంటీబాడీలు మొదటి విడతవాటికంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటాయి. ఈలోగా వాటి రకం కూడా ఐజీఎం నుంచి ఐజీజీకి మారుతుంది.

మూడో డోసును ఆరో నెలలో పెట్టడానికి కారణం కూడా ఇదే. వడపోత పూర్తయి, మెరుగైన కణాలు సిద్ధంగా ఉన్న సమయంలో ఇచ్చిన డోసు వాటినే మళ్ళీ పెంచుతుంది కాబట్టి, మూడో డోసు తర్వాత స్థాయి ఒక్కసారిగా పైకి లేస్తుంది. డోసుల మధ్య వ్యవధి అనుకున్నదానికంటే పెరిగితే నష్టం లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. నిర్దేశించిన కనీస వ్యవధి కంటే ముందే వేయించుకోవడమే తప్పు. మూడో డోసు మరిచిపోయి ఏడాది తర్వాత వచ్చేవారు మళ్ళీ మొదటి నుంచి వేయమని పట్టుబడుతుంటారు, అలా చేయవలసిన అవసరం లేదు.

ఇక మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన భాగం. జెర్మినల్ సెంటర్ నుంచి రెండు రకాల కణాలు బయటికి వస్తాయి. ఒకటి, ఎముక మజ్జకు వెళ్ళి స్థిరపడే దీర్ఘకాలిక ప్లాస్మా కణాలు. ఇవి సెకనుకు వేల చొప్పున యాంటీబాడీలను రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. రెండు, జ్ఞాపక బి కణాలు. ఇవి యాంటీబాడీలను విడుదల చేయవు, నిశ్శబ్దంగా రక్తంలోనూ లింఫ్ గ్రంథుల్లోనూ తిరుగుతూ ఉంటాయి. రక్తపరీక్ష కొలిచేది మొదటి రకం కణాల ఉత్పత్తిని మాత్రమే. రెండో రకం కణాలు దానికి కనిపించవు. గాదెలో ధాన్యం అడుగంటినా విత్తనం విడిగా దాచి ఉన్నట్టే ఇది, మీ రిపోర్టు గాదెను మాత్రమే చూసింది.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఐజీజీ యాంటీబాడీ అర్ధాయువు రక్తంలో సుమారు 21 రోజులే. పన్నెండేళ్ళ క్రితం తయారైన అణువు ఒక్కటి కూడా ఇప్పుడు మీ రక్తంలో ఉండే అవకాశం లేదు. మీకు కనిపించిన ఆ 4 కూడా ఈ మధ్య కొన్ని వారాల్లోనో నెలల్లోనో తయారైనదే. స్థాయి తగ్గిందంటే ఎముక మజ్జలో ఆ పని చేసే ప్లాస్మా కణాలు తగ్గాయని అర్థం. జ్ఞాపక కణాల మనుగడ దానితో ముడిపడి లేదు.

ఇది ఊహ కాదనడానికి ఒక అధ్యయనం చెబుతాను. అలాస్కాలో 1981లో హెపటైటిస్-బి టీకా వేయించుకున్నవారిని ముప్పై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, సుమారు సగం మందిలో మాత్రమే స్థాయి 10 లేదా అంతకంటే ఎక్కువ ఉంది. తగ్గినవారికి ఒక్క బూస్టర్ డోసు ఇచ్చి చూస్తే, వారిలో అత్యధికుల్లో స్థాయి మళ్ళీ 10 దాటింది. రెండు వర్గాలనూ కలిపితే 90 శాతానికి పైగా మందిలో రక్షణ నిలిచి ఉందని తేలింది. మా దగ్గర నర్సింగ్ శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయికి పసితనంలో వేసిన టీకా తాలూకు స్థాయి దాదాపు శూన్యంగా వచ్చింది. ఒక డోసు ఇచ్చి నెల తర్వాత చూస్తే అది కొన్ని వందలకు చేరింది. టీకా ఎరుగని శరీరం ఒకే డోసుకు అలా స్పందించడం అరుదు.

అయితే జ్ఞాపక కణాలుంటే చాలా, రక్తంలో యాంటీబాడీలు సిద్ధంగా ఉండనక్కరలేదా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి సమాధానం వ్యాధిని బట్టి మారుతుంది. శరీరం జ్ఞాపకాన్ని లేపి యాంటీబాడీలను తయారు చేసుకోవడానికి పట్టే కాలం, వ్యాధి లక్షణాలు బయటపడటానికి పట్టే కాలం: ఈ రెండింటిలో ఏది తక్కువ అన్నదే లెక్క. సూక్ష్మజీవి లేదా టీకా ప్రొటీన్‌ను మొదటిసారి చూసిన శరీరంలో పనికొచ్చే స్థాయిలో ఐజీజీ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. జ్ఞాపక కణాలు ఉంటే నాలుగైదు రోజుల్లోనే స్థాయి పెరగడం మొదలవుతుంది. హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో చేరాక వ్యాధి బయటపడటానికి 30 నుంచి 180 రోజులు పడుతుంది. అంత నెమ్మదిగా సాగే వైరస్ మీద జ్ఞాపక కణాలు తీరిగ్గా గెలుస్తాయి. మీకు బూస్టర్ అక్కరలేదనడానికి అసలు కారణం ఇది.

ధనుర్వాతం సంగతి వేరు. అక్కడ హాని చేసేది బాక్టీరియా కాదు, అది విడుదల చేసే విషం. ఆ విషం నాడీకణంలోకి ఒకసారి ప్రవేశిస్తే యాంటీబాడీ దాన్ని అందుకోలేదు. పైగా ప్రాణం తీయడానికి చాలిన విషం, రోగనిరోధక వ్యవస్థను మేల్కొల్పడానికి చాలదు. ధనుర్వాతం వచ్చి కోలుకున్నవారికి కూడా సహజ రక్షణ ఏర్పడదు, వారికీ టీకా వేయాలి. అంటే ఇక్కడ జ్ఞాపకాన్ని లేపే సంకేతమే సరిగా అందదు. విషం రక్తంలోకి వచ్చిన క్షణానికే యాంటీబాడీ అక్కడ కాచుకుని ఉండాలి. అందుకే ఆ స్థాయిని తగ్గనివ్వకుండా పదేళ్ళకొకసారి డోసు వేయించుకొమ్మంటారు. దెబ్బ తగిలినప్పుడు, చివరి డోసు ఎప్పుడు వేసుకున్నారని వైద్యులు అడిగి మరీ టీటీ ఇంజెక్షన్ నిర్ణయించడం కూడా ఇందుకే.

రేబిస్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. కాటు వేసిన తర్వాత టీకా ఇచ్చి కాపాడగలగడమే చూడండి, వైరస్ నరాల వెంబడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టే అది సాధ్యమవుతోంది. ఎన్నడూ టీకా వేయించుకోనివారికి తీవ్రమైన కాటు పడితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ముందే తయారైన యాంటీబాడీలు, ఇవ్వవలసి ఉంటుంది. సొంత యాంటీబాడీలు వచ్చేదాకా ఉన్న ఖాళీని అవి పూరిస్తాయి. గతంలో టీకా కోర్సు పూర్తి చేసినవారికి మళ్ళీ కాటు పడితే ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు, మొదటి రోజున ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి, రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జ్ఞాపక కణాల మీద వైద్యశాస్త్రం ఎంత నమ్మకం పెట్టుకున్నదో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు కనిపించదు. ఇన్‌ఫ్లుయెంజా హెపటైటిస్-బికి పూర్తిగా అవతలి కొసన ఉంటుంది: ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు వస్తాయి, వైరస్ రూపమూ మారుతూ ఉంటుంది. అక్కడ జ్ఞాపకం వ్యాధి తీవ్రతను తగ్గించగలదు కానీ జలుబు, జ్వరం రాకుండా ఆపలేకపోవచ్చు.

తట్టు విషయంలో ప్లాస్మా కణాలే దశాబ్దాల తరబడి నిలుస్తాయి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1781లో తట్టు వ్యాపించింది, ఆ తర్వాత 65 ఏళ్ళ పాటు ఆ దీవుల్లో తట్టు లేదు. 1846లో మళ్ళీ వచ్చినప్పుడు జనాభాలో అత్యధికులకు సోకినా, 1781లో తట్టు వచ్చి కోలుకున్న వృద్ధుల్లో ఒక్కరికీ రెండోసారి రాలేదని డేనిష్ వైద్యుడు పీటర్ పానుమ్ నమోదు చేశారు. మధ్యలో వైరస్ కనిపించకపోయినా రక్షణ నిలిచింది. బతికి ఉండి ఒంట్లో వృద్ధి చెందే వైరస్, లేదా దాన్ని బలహీనపరిచి చేసిన టీకా కలిగించే స్పందనకు, శుద్ధి చేసిన ఒక్క ప్రొటీన్ కలిగించే స్పందనకు సాధారణంగా ఇంత తేడా ఉంటుంది. అన్ని టీకాలనూ ఒకే కొలబద్దతో చూడకూడదని విద్యార్థులకు పదే పదే చెబుతుంటాను.

ఇప్పుడు మినహాయింపులు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

డయాలసిస్ చేయించుకునేవారికి పైన చెప్పిన భరోసా వర్తించదు. వారిలో జ్ఞాపక కణాల స్పందన బలహీనంగా ఉంటుంది, వైరస్ సోకే అవకాశమూ ఎక్కువ. కాబట్టి ఏటా పరీక్షించి, స్థాయి 10 కంటే తగ్గితే బూస్టర్ ఇస్తారు. అవయవ మార్పిడి అయినవారు, కీమోథెరపీలో ఉన్నవారు, బి కణాలనే తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ వంటి మందులు వాడుతున్నవారు తమ వైద్యులను అడిగి వ్యక్తిగత నిర్ణయం తీసుకోవాలి. మీరు ఈ వర్గాల్లో ఎందులోనైనా ఉంటే నేను రాసిన సూటి సమాధానాన్ని పక్కన పెట్టండి.

రెండోది, మొదటి నుంచీ స్పందించనివారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో కూడా 5 నుంచి 10 శాతం మందిలో మూడు డోసుల తర్వాత స్థాయి 10కి చేరదు. వయసు నలభై దాటినవారిలో, పొగతాగేవారిలో, స్థూలకాయుల్లో ఇది ఎక్కువ. వారికి రెండోసారి పూర్తి కోర్సు ఇస్తే చాలామంది స్పందిస్తారు. అప్పటికీ స్పందన రాకపోతే, వారికి ఆ వైరస్ ఇప్పటికే సోకి ఉందేమో తప్పకుండా చూడాలి. మా దగ్గర ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కు ఎన్ని డోసులిచ్చినా స్థాయి పెరగలేదు. టీకా నాణ్యత మీద అందరూ అనుమానపడ్డారు. వైరస్ పైపొర ప్రొటీన్ రక్తంలో ఉందేమో చూసే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది, వైరస్ ఏళ్ళ తరబడి కాలేయంలో తిష్ఠ వేసి ఉంది. సకాలంలో తెలిసింది కాబట్టి వైద్యుల పర్యవేక్షణలో కుదురుగా ఉన్నారు. స్పందన లేకపోవడాన్ని టీకా వైఫల్యమని వదిలేయకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇలాంటి సందర్భాలే.

మరో చిన్న విషయం: టీకా తర్వాత జ్వరమో నొప్పో రాకపోతే అది పనిచేయలేదని కొందరు అనుకుంటారు. అది మొదటి రెండు రోజుల వాపుకు సంబంధించిన సంగతి, వారాల తర్వాత వచ్చే యాంటీబాడీల స్థాయిని దాన్ని బట్టి చెప్పలేం.

ఇక మీరు చేయవలసింది. ముందు పాత రికార్డులు వెతకండి. మూడు డోసుల తర్వాత ఎప్పుడైనా స్థాయి 10 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినట్టు కాగితం ఉంటే, దాన్ని ఉద్యోగ రికార్డులో చేర్పించండి, అంతకుమించి ఏమీ అక్కరలేదు. రేపు సూదిపోటు తగిలినా మీరు స్పందించినవారిగానే లెక్క.

అలాంటి కాగితం లేకపోతే, ఇప్పటి 4 అన్నది ఒకప్పుడు బాగా ఉండి తగ్గిన స్థాయో, అసలెప్పుడూ పెరగని స్థాయో చెప్పలేం. మీరు రక్తంతోనూ సూదులతోనూ పనిచేయబోతున్నారు కాబట్టి దీన్ని తేల్చుకోవాలి. ఒక్క డోసు వేయించుకుని, ఒకటి రెండు నెలల తర్వాత యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్షను (ఇప్పుడు మీకు 4 వచ్చిన యాంటీబాడీల పరీక్షనే) అంకెతో సహా ఇచ్చే పద్ధతిలో చేయించుకోండి. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మీ జ్ఞాపక కణాలు పనిచేస్తున్నట్టే. రాకపోతే ఇంకో రెండు డోసులతో రెండో కోర్సు పూర్తి చేసి, మళ్ళీ ఒకటి రెండు నెలలకు పరీక్షించాలి. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ఏజీ పరీక్షతో పాటు, వైరస్ ఎప్పుడైనా సోకిందేమో చెప్పే యాంటీ-హెచ్‌బీసీ పరీక్ష కూడా చేయించాలి. అవి నెగటివ్ అయితే మీకు సూదిపోటు తగిలినప్పుడు టీకాకు బదులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమవుతుందని మీ రికార్డులో స్పష్టంగా రాయించుకోవాలి.

పరీక్ష తేదీల విషయంలో ఒక జాగ్రత్త. టీకాలో ఉండేది వైరస్ పైపొర ప్రొటీనే కాబట్టి, డోసు వేసుకున్న తర్వాత సుమారు మూడు వారాల లోపు హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేస్తే ఆ ప్రొటీనే కనిపించి తప్పుగా పాజిటివ్ రావచ్చు. టీకా వేసుకున్న వారానికే రక్తదానానికి వెళ్ళి, ఈ కారణంగా పాజిటివ్ అని చెప్పించుకుని హడలిపోయిన యువకుణ్ణి నేను చూశాను. నెల దాటాక మళ్ళీ చేస్తే నెగటివ్ వచ్చింది. అలాగే ఈ మధ్య ఇమ్యునోగ్లోబ్యులిన్ తీసుకున్నవారిలో యాంటీ-హెచ్‌బీఎస్ స్థాయి కొన్ని నెలల పాటు ఎక్కువగా కనిపిస్తుంది, అవి వారి శరీరం తయారు చేసినవి కావు. డోసు వేసిన తేదీ, పరీక్ష చేసిన తేదీ, వచ్చిన అంకె మూడూ ఒకే కాగితం మీద ఉండేలా చూసుకోండి. ఒకసారి 10 దాటినట్టు నమోదైతే, మీరు ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఈ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయించుకోనవసరం లేదు.